‘ఏ కల్?’ అని అడిగే దేముడమ్మ గారు

1979 జూన్ నాలుగవ తేదీన అందరూ హిందీ కలిపి మాట్లాడే ఈ దీవిలో, ఆస్టినాబాద్‌లోని మా ఫైబర్ పడవల కర్మాగారంలో గుమాస్తాగా ప్రవేశించిన శ్రీమతి దేముడమ్మ గారు ఈ నెలాఖరున ప్రణాళికాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్నారు. శ్రీకాకుళం తీరం నుండి వలస వచ్చి ఇక్కడ వల వేసిన తండ్రికి కుమార్తె గనుక, పడవ ఆలస్యమైతే ఎవరింట పొయ్యి వెలగదో ఎరిగి, ఏ పడవ ముందు కట్టాలో ఏళ్ల తరబడి ఆమే నిర్ణయించారు.

1998లో ఉత్పత్తి ప్రణాళికా సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇక ప్రణాళిక అదే వేసుకుంటుంది, మనిషితో పనిలేదని అందరూ నవ్వుతూ అన్న మాటకు ఆమె గుండెల్లో రాయి పడింది. భర్త మంచాన పడిన ఆ ఏడు ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారం.

ఆ బెదురులోనే ఒకనాడు రేవు నుండి స్టోర్‌కీపర్ జోగులు గారు ఫోన్ చేసి, “రెజిన్ డ్రమ్ములు కల్, దీదీ” అన్నారు. లైను తెగిపోయింది. హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే! నిన్ననే దిగాయనుకుని ఆమె సరుకు వచ్చినట్టు నమోదు చేశారు. సాఫ్ట్‌వేర్ మారుమాట లేకుండా మర్నాటికే పడవలన్నిటికీ పని కేటాయించింది. తెల్లవారి పనివారంతా అచ్చుల పక్కన నిలబడితే, పడవ పోయడానికి కావలసిన రెజిన్ జిగురు చుక్క లేదు. జోగులు గారు అన్నది రేపటి కల్; సరుకు తెచ్చే ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది.

“మా పడవేదమ్మా? వేట మొదలైపోతాది కదేటి!” అని జాలరి నూకన్న గారు గేటు దగ్గర నిలదీశారు.

“కంప్యూటర్ పొరబడటమేమిటి?” అని మేనేజరు గురునాథం గారు విస్తుపోయారు.

ఉద్యోగం ఊడినట్టేననుకుంటూనే ఆమె అన్నారు: “దానికి ఓడ కనబడదు సార్. నాను చెప్పిందే నమ్మేస్తాది. నానే తప్పు చెప్పినాను.”

గురునాథం గారు, “అయితే దానికి చెప్పడానికి మీరుండాల్సిందేనమ్మా” అన్నారు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చేశారు. ఓడ రాగానే ఆమె ప్రణాళిక తిరగరాశారు. ఒకసారి వేసిన ప్రణాళిక శిలాశాసనమనే భ్రమ కూడా మాకు ఆనాడే వదిలింది. నూకన్న గారి పడవ వేటకు అందింది.

నాటి నుండి ఎవరు ఫోన్ చేసినా ఆమె మొదటి ప్రశ్న ఒకటే: “ఏ కల్ భయ్యా? నిన్నటిదా, రేపటిదా?” వచ్చే నెల నుండి ఆ ప్రశ్న అడగడం మాలో ఎవరికి గుర్తుంటుందోనని నిజంగా బెంగగా ఉంది. మొన్న ఇంటికి వెళుతూ ఆమె అలవాటుగా “కల్ కలుద్దాం” అనగానే, అందరం ఒక్కసారే “ఏ కల్ దీదీ?” అన్నాం.

“రేపటిదే, ఇంకేటి!” అని నవ్వబోయి ఆమె కళ్లు తుడుచుకున్నారు.

ఆ రేపటి కల్ వారికి సంపూర్ణారోగ్యంతో, నిండు నూరేళ్లూ, ఏ ఓడ కోసమూ ఎదురుచూడనక్కరలేని నిశ్చింతతో ప్రతి ఉదయమూ రావాలని మనసారా కోరుకుంటున్నాం.