టోకున సముద్రం తెప్పించిన క్లాసు

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, మా కాలేజీలో ఆడపిల్లల చేత వ్యాపారం పెట్టించింది మాత్రం నేనే," అంటూ కామర్స్ మాస్టారు టీకొట్టు బల్ల మీద సర్దుకు కూర్చున్నాడు. పక్కన ఆయన బావమరిది, ఎదురుగా దర్జీ, మందుల షాపాయన. టీకొట్టు ఆవిడ స్టవ్ మంట తగ్గించింది.

"వ్యాపారం ఎవరు పెడతారర్రా అన్నానా, మగపిల్లల చేతులు సర్రున లేచాయి, ఆడపిల్లలు బల్లల్లోకి తలలు దూర్చేశారు. ఏమ్మా అంటే, 'ఉద్యోగమైతే సరేగానీ, కొట్లో కూర్చుంటే చుట్టాలు నవ్వుతారట సార్, మా నాయనమ్మ చెప్పింది' అని ఒక పిల్ల గొణిగింది. నాకు ఒళ్ళు మండి ఒక్క ఉపన్యాసం దంచాను. గంట కొట్టేసరికి ఆ పిల్ల తను కూర్చున్న బెంచీని పక్కపిల్లకి అమ్మేసింది!"

"కాలేజీ బెంచీనే?" అన్నాడు దర్జీ.

"అదీ లాభానికి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాటికి బెంచీకో దుకాణం. అడ్డుకోడానికొచ్చిన నాయనమ్మలు గల్లాపెట్టెల దగ్గర సెటిలైపోయారు. ప్రిన్సిపాల్ కుర్చీని ఆయనకే గంటల లెక్కన అద్దెకిచ్చారు. మగపిల్లాడివి జడలల్లడమేమిట్రా అని ఇంట్లో తన్నులు తిన్నవాడొకడుంటే, వాడిచేత జడల దుకాణమే తెరిపించాను. మొదటి బేరం వాళ్ళ నాన్నే!"

"ఆయనది బట్టతల కదండీ?" అన్నాడు మందుల షాపాయన.

"అందుకే ముందు జుట్టు అమ్మి, తర్వాత జడ వేశాడు! ఇక సరుకు మోయడానికి లారీలు చాలక, ఓడొచ్చి మన వీధి మలుపులో ఆగింది."

"ఇక్కడ సముద్రం ఎక్కడిదండీ?" టీకొట్టు ఆవిడ నోరు తెరిచింది.

"తెప్పించారమ్మా, టోకు ధరకి! అలలు విడిగా!"

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "అంతా బాగుంది బావా. మరి మా మేనకోడలు స్కూటర్ రిపేరు షాపు పెడతానంటే భోజనం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నావట, అక్కయ్య చెప్పింది."

మాస్టారి గొంతు అమాంతం దిగిపోయింది. "క్లాసులో పిల్లలు వేరు, మన పిల్ల వేరురా. చేతులకి ఆయిల్ మరకలతో ఆడపిల్ల వీధిలో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

బావమరిది దర్జీని, మందుల షాపాయనని, టీకొట్టు ఆవిడని వరసగా చూశాడు.

"ఆ నలుగురం ఇక్కడే ఉన్నాం బావా. మేమేం అనుకోం."

బల్ల ఊగిపోయేలా నవ్వారు. బావమరిది మాస్టారి భుజం తట్టాడు.

"మా ఇంటి ముందు గది షాపుకి ఇచ్చాను దానికి. షట్టరు తుప్పుపట్టి పైకి లేవట్లేదట. వస్తావా?"

మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ లేచాడు.