అమ్మ గొడుగు

షిల్లాంగ్‌లో ఆ మధ్యాహ్నం చినుకులు ఆగలేదు. ఓ పిల్ల తన మేనమామ కొట్టు ముందు గొడుగు విదిలించి లోపలికొచ్చింది. వక్కలు కత్తిరిస్తున్న ఆయన తలెత్తలేదు.

"మీ అమ్మ పంపిందా?"

"నిన్నడగమంది మామయ్యా. మనలో మేనమామ మాటేగా చెల్లేది, నువ్వు ఊఁ అంటేనే పంపిస్తుందట."

"ఆ గిటార్ల గోలకేనా?"

"గోలేంటి! బ్యాండు ప్రోగ్రాం. మా క్లాసు వాళ్ళంతా వెళ్తున్నారు."

"అంతా అంటే?"

"ఇబాన్రీ, దమేకా... ఇంకా, బాన్షాన్."

"వాడు మగపిల్లాడేగా?"

"వాళ్ళక్క కూడా వస్తోంది మామయ్యా!"

ఆయన తమలపాకుకి సున్నం రాసి, వక్క పెట్టి చేతికిచ్చాడు. గడప తొక్కిన ప్రతివాళ్ళకీ ఇచ్చేదే కాబట్టి, అది ఒప్పుకోలో కాదో ఆమెకి తెలియలేదు.

"సరే, వెళ్ళు. గొడుగు మాత్రం పట్టుకెళ్ళకు."

"ఈ వానలోనా?"

"వెనకవాళ్ళకి స్టేజీ కనపడదని గేటు దగ్గరే లాక్కుంటారు. మళ్ళీ ఇవ్వరు. ప్లాస్టిక్ పట్టా కప్పుకో."

"నీకెలా తెలుసు? చర్చి పాటలు తప్ప ఏమీ వినలేదంటావుగా!"

"నేను వినలేదు. మీ అమ్మ గొడుగు అక్కడే పోయింది, నీ వయసులో."

"అమ్మదా! అయితే వాళ్ళ మామయ్య కూడా వెళ్ళమన్నాడన్నమాట."

"ఎక్కడ! ససేమిరా అన్నాడు. అందుకే ఆ గొడుగు గాలికి ఎగిరిపోయిందని మీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నువ్వు మాత్రం నమ్మినట్టే ఉండు."