పాపన్న గెలిచిన అక్షరాల ఆట

రెండువేల మూడో ఏడు. బాగేపల్లిలో గిరీశ్ కంప్యూటర్ సెంటర్ పెట్టినాడు. పొద్దున పూట దాన్ని చూసుకునే మనిషి కావాల. "సెంటర్లో ఉండే కొత్త ఆట చివరిదాకా ఆడినోడికే సెంటర్ తలుపు తీసే బీగంచెవి" అనేసినాడు. ఎండలో తిరిగి బేరాలు కుదిర్చే పని మాని ఫ్యాను కింద కూచోవాలని పాపన్నకు శానా ఆశ. అందుకే ఆ పొద్దు తిమ్మక్క టీ అంగడి అరుగు మీద కాలు మీద కాలేసుకోని కూచున్నాడు. ఎదురుగా గిరీశ్, ఆయన అక్కకూతురు నేత్ర టీ తాగుతాండారు.

"ఆడినావా పాపన్నా?" అని గిరీశ్ అడిగినాడు.

"ఆడినానా అంటావేమప్పా, గెలిచి కూచోనుండా. నిన్న మాపు నువ్వు సంతకు పోయినప్పుడు. పెద్ద పనేం కాదులే, ఒక మీట ఒత్తితిని, అంతే. బొమ్మ లేదు, పాట లేదు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. 'ఒక ఇంటి ముందర ఉండావు, ఏమి చేస్తావు?' అనె. మనమేమన్నా అడుక్కునేదానికి పోయినామా, లోపలికి పోతా అని కొడితిని. చెప్పులు టపటపలాడిస్తా పోతిని. నడవలో రెండు తలుపులు. ఎడమా, కుడా అంటాది. అప్పుడు నేనేం చేసినానో తెలుసా?"

"కుడివైపు పోయింటావు," అనింది తిమ్మక్క.

"అందురూ పొయ్యేది అట్లేనమ్మా. నేను రెండింట్లోకీ పోతిని."

"ఒకే తూరి రెండింట్లోకా?" అని నేత్ర.

"మధ్యలో మాట్లాడితే నాకు మండుతాది పాపా. ఎడమ కాలు ఎడమ తలుపులో, కుడి కాలు కుడి తలుపులో. ఆటకే దిక్కు తెలీలేదు. ఒక పక్క బావి, ఒక పక్క పులి. పులిని చెప్పుకాలుతో ఒక తన్ను తంతిని, పొయ్యి బావిలో పడె. దాని తోక పట్టుకోని నేనూ దిగితిని. నీళ్ళు యాడుండాయి, మన బోర్ల మాదిరే ఎండిపోయుండాది. అడుగున సొరంగం. దాంట్లో నడిచి తల బయట పెడితే నంది కొండ మీద ఉండా."

"ఆటలోనా, నిజంగానా?"

"అదే నాకూ తెలీలేదు గిరీశప్పా, చలి మాత్రం పెట్టె. ఆడ ఒక రాజు, సైన్యం. 'యుద్ధమా, సంధా?' అని అడిగె. నేను 'భోజనం' అని కొడితిని. అట్ల కొట్టినోడు ఎవురూ లేరంట. రాజు, సైన్యం, ఏనుగులు అన్నీ పంక్తి కూచుండె. రాగిముద్ద, పితికిపప్పు సారు నేనే వడ్డిస్తిని. ముద్ద మింగేదానికి ఆ కంప్యూటరు కూడా కొంచేపు నిలిచిపోయె."

"ఆ తర్వాత?" తిమ్మక్క పాలు పొంగేది కూడా చూసుకోలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆటకు మాటలు అయిపోయె. 'పాపన్నా, ఇంక నువ్వే అడుగు, నేను జవాబు చెప్తా' అనె. నా ప్రశ్నలకు తట్టుకోలేక అక్షరాలు తెరలోనుంచి రాలిపడె. పరకతో ఊడ్చి గోతానికి ఎత్తితిని. తెల్లారి చింతామణి మండీలో పోస్తే, శెనక్కాయల కంటే మేలని వేలం పాడిరి. ఇంక బీగంచెవి ఇయ్యప్పా."

గిరీశ్ నవ్వుతానే జేబులో చెయ్యి పెట్టినాడు. నేత్ర గ్లాసు కింద పెట్టింది.

"పాపన్న మామా, ఒకటే అడగతా. ఆ ఇంటి ముందర చెప్పులు యాడ విడిచినావు?"

"విడిచేదేమి? చెప్పులు లేకుంటే పులిని యట్ల తంతును?"

"ఆ ఆట రాసింది నేనే మామా. మన ఇండ్లల్లోకి ఎవురన్నా చెప్పులేసుకోని పోతారా? గడప కాడ విడవకుండా 'లోపలికి పోతా' అని ఎన్ని తూర్లు కొట్టినా 'తలుపు మూసుండాది' అనే వస్తాది. ఇంకేమీ రాదు."

పాపన్న నిన్న మాపంతా ఆ ఒక్క మాటే చూస్తా కూచున్నాడని మొకంలో తెలిసిపోతాండాది. తిమ్మక్క కిందికి చూసి, "మా అరుగు మీదికీ చెప్పులతోనే ఎక్కినాడు," అనింది. గిరీశ్ చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

పాపన్న వంగి, చెప్పులు రెండూ విడిచి అరుగు కిందికి జరిపినాడు.

"పాపా," అన్నాడు మెల్లగా, "విడిస్తే లోపల ఏముండాది?"