కుర్చీకి కొలతలు తీసిన హాజరు మాస్టారు

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, పద్దెనిమిది మంది పనిచేసే నీటి పంపుల కర్మాగారంలో కార్మికుల హాజరు వేసే గుమాస్తాగా చేరిన ఇరవై నాలుగేళ్ళ యువకుడు, ముప్పై ఆరు సంవత్సరాల నిరంతర సేవానంతరం, అదే సంస్థకు సిబ్బంది వ్యవహారాల డైరెక్టరుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. హోదాలు ఎన్ని మారినా తొలి ఉద్యోగం పేరే స్థిరపడిపోయింది కనుక, ఈ వ్యాసంలోనూ వారు హాజరు మాస్టారే.

ఆ తొలినాళ్ళలో మన సంస్థలో పెద్ద ఉద్యోగానికి ఏకైక అర్హత ‘మనవాడు’ కావడం. లేత్ మిషను బాగా నడిపినవాడు ఫోర్‌మన్. ఫోర్‌మన్‌గా తిట్లు తక్కువ తిన్నవాడు మేనేజరు. పద్దెనిమిది మందికి ఆ పద్ధతి చెల్లింది, మూడు వందల మందికి చెల్లలేదు. అప్పటికి సిబ్బంది విభాగాధికారి అయిన మాస్టారు, ఎవరికి ఏ పని వచ్చో, పై మెట్టుకు ఇంకేం రావాలో కనిపెట్టి, ఖాళీ ఏర్పడకముందే ప్రతి స్థానానికీ ఇద్దరిని తయారుచేసే పద్ధతి తెచ్చారు. నేటి విభాగాధిపతులు ఏడుగురిలో ఐదుగురు ఆయన చేతిలో తయారైనవారే.

రెండు వేల పదమూడులో సంస్థ తొమ్మిది వందల మందికి విస్తరించినప్పుడు, డైరెక్టరు పదవిని కొత్తగా నెలకొల్పారు. అది మాస్టారిదేనని కాంటీను దాకా అందరికీ తెలుసు, వారింట్లో మరీను. పదవికి కావలసిన అర్హతలు రాసే పనినీ యజమాని ఆయనకే అప్పగించారు. మాస్టారు రాసిచ్చిన కాగితం చదివి యజమాని కళ్ళజోడు తీసేశారు.

“ఇదేంటి మాస్టారూ! నాలుగింట్లో రెండు మీకే లేవుగా?”

“కొలతలు నాకు తీయలేదండీ, కుర్చీకి తీశాను.”

ఒక శాఖను సొంతంగా నడిపి ఉండటం, కార్మిక సంఘంతో ఒప్పందం కుదిర్చి ఉండటం అనేవి ఆ రెండూ. కొట్టేస్తానని యజమాని కలం తీశారు గాని, మాస్టారు ససేమిరా అన్నారు. పదవి బయటినుంచి వచ్చిన, ఆయనకన్న తొమ్మిదేళ్ళు చిన్నదైన మహిళాధికారికి దక్కింది.

“కూర్చున్న కొమ్మ నరుక్కునేవాళ్ళుంటారని విన్నాను గానీ, అలాంటాయనతోనే కాపురం చేస్తున్నాననుకోలేదు” అన్నారట, లెక్కల టీచరైన వారి శ్రీమతి. ఆ పైన ఏడేళ్ళపాటు ఆవిడ మన వార్షికోత్సవాల గడప తొక్కలేదు. మాస్టారికీ బాధ లేకపోలేదు. కొత్త డైరెక్టరుకు ఆఫీసంతా తిప్పి చూపించిన రోజున, ఆయన భోజనం డబ్బా మూత తీయకుండానే ఇంటికి వెళ్ళింది.

రెండో నెలలో డైరెక్టరు ఆయన్ని పిలిచారు. “ఈ పోస్టు మీరెందుకు అడగలేదండీ?”

“రెండు పనులు నాకు రావు మేడమ్.”

“రాకపోతే నేర్చుకోండి. కొత్త బ్రాంచికి మీరే వెళ్తున్నారు.”

అలా నలభై తొమ్మిదో ఏట మాస్టారు అద్దె గదిలో చొక్కాలు ఉతుక్కుంటూ మూడేళ్ళు శాఖ నడిపారు. సంఘం నాయకులతో పదకొండుసార్లు కూర్చుని ఒప్పందం కుదిర్చారు. మొదటి మూడుసార్లు విసుగెత్తి లేచి వెళ్ళిపోయింది నాయకులు కాదు, తానేనని ఆయనే నవ్వుతూ చెబుతారు.

రెండు వేల ఇరవై జనవరిలో డైరెక్టరు వేరే సంస్థకు అధిపతిగా వెళ్ళారు. “ఈసారన్నా ఊరికే తీసుకోండి” అన్నారు యజమాని. మాస్టారు వినలేదు. బయటివారు ముగ్గురితోపాటు బెంచీ మీద కూర్చుని, వంతు వచ్చినప్పుడు లోపలికి వెళ్ళి, ఎంపికై బయటికి వచ్చారు.

ఆ సాయంత్రం టీచరుగారు అడిగారట: “ఆ రోజే ఇచ్చుంటే మీ సొమ్మేం పోయేది? ఏడేళ్ళండీ!”

“నాకేం పోయేది కాదు. నాకు రాని పనంతా నా కింద వాళ్ళు మోసుండేవాళ్ళు.”

మరుసటి నెల వార్షికోత్సవంలో ఆవిడ మొదటి వరసలో కూర్చున్నారు.

ఈ విరమణ మాకు దిగులుగానే ఉంది. పని ఆగిపోతుందని కాదు. ఆగకుండా ఆయనే చూశారు. “ఇది నాకు రాదు” అని నోరు విప్పి చెప్పగల పెద్దమనిషి రేపటినుంచి మా ఎదుటి గదిలో ఉండరని. మాస్టారు ఆయురారోగ్యాలతో, టీచరుగారి పక్కన, తోచినది నేర్చుకుంటూ నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.