భాష్యం గారు తీసేసిన ఆకాశం

1962 జూలై రెండవ తేదీన రాయపురంలోని మన ధర్మాసుపత్రిలో టైపిస్టుగా చేరిన శ్రీ భాష్యం గారు, సుదీర్ఘమైన అవిచ్ఛిన్న సేవానంతరం ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మైలాపూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చినా ఆయన చొక్కా మడత నలిగి ఎరుగదు. ధ్యాస మాత్రం తరచూ మబ్బుల్లో ఉండేది.

టైపుమిషను నుంచి రికార్డుల విభాగానికి, అక్కడి నుంచి రక్తనిధికి వచ్చిన వారు, 1992లో అక్కడి కంప్యూటరు బాధ్యతను స్వీకరించారు. దానికి మెమరీ తక్కువ, డిస్కులో చోటు ఇంకా తక్కువ. కొత్త ప్యాకేజీ, అంటే కొత్త ప్రోగ్రాము, రావాలంటే పాతది పోవలసిందే. వాషర్‌మెన్‌పేట్‌లో ఒంటిగది ఇంట పెరిగి, ఒకరు చాప చుడితేగాని మరొకరు పరవలేని సంసారం చూసిన వారికి ఆ సర్దుబాటు కొత్త కాదు. ఆ ఇరుకులోనే తమకోసం ఒక నక్షత్రాల ప్యాకేజీని దాచుకున్నారు. పట్టపగలు, భోజన విరామంలో, తెరపై రాత్రి ఆకాశం మెల్లగా తిరుగుతుంటే పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

1995 ఆయుధపూజకు అందరూ బీరువాలు దులుపుతుంటే, భాష్యం గారు కంప్యూటరు లోపల ఊడ్చారు. దేనికి పనికొస్తుందో తెలియని ఒక చిన్న ప్యాకేజీని తీసేసి, ఆ ఖాళీలో తమ ఆకాశానికి మరిన్ని నక్షత్రాలు చేర్చి, తెరకు కుంకుమబొట్టు పెట్టారు.

మర్నాటి ఉదయం టెక్నీషియన్ లక్ష్మీప్రియ గారు పరుగున వచ్చారు.

"సార్, దాతల పేర్లు రాలా! ఏం కొట్టినా నిలబడిపోతా ఉంది. ఆడ కాన్పు వార్డులో చెంగమ్మకి ఓ నెగటివ్ కావాల, అర్జెంట్!"

పేర్లు వెతకడానికి దాతల ప్యాకేజీ ఆ చిన్నదాన్నే నమ్ముకుని ఉందని అప్పుడు తెలిసింది. దాని ఫ్లాపీ దొరికింది గాని, పెట్టడానికి చోటు లేదు. చేర్చిన నక్షత్రాలను మాత్రమే విడిగా తీసే వీలు లేదు. నక్షత్రాల ఫ్లాపీలలో ముందురోజు సాయంత్రమే ఆసుపత్రి రికార్డులు ఎక్కించేశారు. తెరమీది ఆకాశం పోతే మళ్ళీ రాదు.

"పోతే పోనీమ్మా," అని భాష్యం గారు దాన్ని మొత్తంగా తీసేశారు.

పేర్లు వచ్చాయి. హార్బరు కార్మికుడు ఆనందన్ ఆటోలో వచ్చి రక్తమిచ్చాడు. తల్లీబిడ్డా దక్కారని తెలిసేదాకా భాష్యం గారు కుర్చీలో కూర్చోలేదు. ఆ సాయంత్రమే వార్డుకు వెళ్ళి, "నా వల్లే ఆలస్యమైందమ్మా," అని చెంగమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అది మొదలు, విరిగిన కుర్చీని పారేయాలన్నా "దీన్ని నమ్ముకుని ఎవరున్నారు?" అని అడగటం, మేము నవ్వటం మన కార్యాలయ సంప్రదాయమైంది.

విరమణ వార్త విని చెంగమ్మ గతవారం వచ్చింది. "ఆ పొద్దు దాచకుండా చెప్పినారే సారూ, అది చాలు. నా ఆయుస్సు కూడా కలుపుకోని నూరేళ్ళుండాల మీరు," అన్నది.

భాష్యం గారు కంగారుపడిపోయారు. "వద్దమ్మా, నీది నువ్వుంచుకో."

కనుక చెంగమ్మ వాటా ఆమెకే విడిచి, మిగిలిన మేమంతా తలా ఒక ఏడాది ఇచ్చుకుంటున్నాము. శ్రీమతి చూడామణి గారితో కూడి, సంపూర్ణ ఆరోగ్యంతో, వారు వాటినన్నిటినీ తీరిగ్గా వాడుకోవాలి.