మారియాయికి చెప్పిన మాట

హలో… ఆ, నేనేన్నా, దెబోరాని… ఆ, మదనపల్లె నుంచే. నూర్ అహ్మద్ భాయ్ చింతపండు మండీలో ఉండాను… జయరత్నమన్నా, కొంచెం గట్టిగా మాట్లాడండి, గొరగొరమంటాంది.

…లేదు, లేదు. తోట బాగుండాది. బాయిలో నీళ్ళూ ఉండాయి. దానికి కాదు ఫోన్ చేసింది.

…అన్నా, మారియాయి లేదు.

…మారియాయన్నా. మన సిలోన్ క్యాంపు వాళ్ళల్లో… టీ తోటలో పనిచేసినామె. పొడుగ్గా, చేతిమీద పచ్చబొట్టు… ఆ, ఆమే. షెడ్లలో లేదు, తోటలో లేదు. యాడా లేదు.

…ఈ పొద్దు కాదు. నిన్న తెల్లారి నుంచే లేదంట. నాకు ఇప్పుడు తెలిసింది.

…యాల తెలీలేదంటే… చెప్తాను, కోపం చెయ్యద్దండి. నిన్న సాయంత్రం క్యాంపు ఆఫీసాయన షెడ్ల కాడికి వచ్చి పేర్లు పిలిచినాడు గదా. "మారియాయి" అంటే లోపలినుంచి "ఉండాను" అని పలికింది. నేను పక్కనే నిలబడి ఇన్నాను. …పలికింది మారియాయి కాదన్నా, ఆమె పక్కనుండే పూలమ్మ. గొంతు మార్చి పలికిందంట.

…అడగకుండా ఉంటానా? అడిగినాను. "మా టీ తోటలో పేర్లు పిలిచేటప్పుడు ఒకామె రాకపోతే పక్కనామె పలికేదమ్మా, అది మామూలే" అంటాది. తప్పు చేసినట్టే లేదు మొగంలో. పైగా నన్నే అడగతాది, "నీ పక్కనామెకు నువ్వు పలకవా?" అని.

…నవ్వేదానికేం లేదన్నా.

…ఎట్ల కనుక్కున్నానా? మడి సూసి. …ఆ, మడి సూసే. ఆమె బచ్చలి కొసలు గిల్లేది మీరు సూసుండారు గదా? రెండు చేతులా గిల్లి భుజం మీదినుంచి ఎనక్కి ఇసిరేస్తాది. టీ తోటలో వీపున బుట్ట ఉండేదంట. ఈడ బుట్ట లేదని చేతికి యాడ తెలుస్తాది? దోవంతా ఆకులే. మన పాపక్క రోజూ తిట్టుకుంటా ఏరతాది. ఈ పొద్దు మధ్యాన్నం సూస్తే దోవలో ఒక్క ఆకు లేదు. నేరుగా పోయి పూలమ్మను నిలదీసినాను.

…ఉండండన్నా, ఒక్క నిమిషం. ఏంది భాయ్? …నూర్ భాయ్ అంటాండారు, నేనిట్ల అరిస్తే ఫోన్ యాల, కుప్పానికి ఊరికే ఇనపడతాదంట. …భాయ్, మీ తమాషా తర్వాత.

…అదే గదా చెప్తాండేది. రేపు తెల్లారి ఆఫీసాయన మళ్ళీ వస్తాండాడు. ఈసారి పేర్లు పిలిచేది లేదంట, ఎండలో వరసగా నిలబెట్టి మొగాలు సూస్తాడంట. తోట పేరు చెప్పి సిలోన్ వాళ్ళు ఊర్లన్నీ తిరగతాండారని ఎవరో పోయి చెప్పినారు. ఒక్క మనిషి తక్కువైనా షెడ్లు దాటి ఎవర్నీ రానీయనని చెప్పిపోయినాడు. …ఎవర్నీ అంటే అందర్నీ అన్నా. ఇంక తోటకొచ్చేదెవరు, నీళ్ళు పెట్టేదెవరు? వంగ ఇప్పుడే కాపుకొచ్చింది. ఆ కాయ, ఆ ఆకు అమ్ముకునే గదా ఆ ఇండ్లల్లో పొయ్యి మండేది.

…నన్నేం చెయ్యమంటారు, వాళ్ళు తోటకు వచ్చి పొయ్యేదానికి పూచీ ఇచ్చింది నేనే గదా. నిన్న కూడా నేనే చెప్పినాను, "అందరూ ఉండారు సార్" అని. నా మాట ఇని ఆయన సైకిలెక్కి ఎల్లిపోయినాడు.

…ఎతికినాను. ఆసుపత్రికి పోయినాను, చర్చి ఎనక సూసినాను. బస్టాండులో ఒక కండక్టరు చెప్పినాడు, బుట్ట పెట్టుకోని పుంగనూరు బస్సెక్కిందని. పుంగనూరులో దిగి కుప్పం బస్సు యాడ అని అడిగిందంట. అందుకే మీకు చేసినాను. అన్నా, ఒకసారి మీ బస్టాండులో, సంతలో…

…ఏందీ?

…మీ ఇంట్లోనా? …దేవా! …భాయ్, దొరికింది! కుప్పంలో ఉండాది, అన్నావాళ్ళ ఇంట్లో! …ఇంతసేపు నన్ను ఏడిపించకుండా మొదట్నే చెప్పొచ్చు గదన్నా.

…సరే, నేనే చెప్పనియ్యలేదు. ఇప్పుడు చెప్పండి.

…నిన్నటినుంచి రైల్వే స్టేషన్లోనా? రాత్రి కూడా ఆ ప్లాట్‌ఫారం మీదనే? …వంకాయల బుట్ట ముందర పెట్టుకోని. …అమ్మతాందా? …అడిగినోళ్ళకు కూడా ఇయ్యలేదా. …స్టేషన్ వాళ్ళు ఆమె నోట మన తోట సంఘం పేరు ఇని మీకు చెప్పంపినారా. మంచి పని చేసినారు. …తినిందా? …మీ ఇంట్లో అక్క పెట్టినా తినలేదా. పోనీలేన్నా, సాయంత్రం బస్సుకు ఎక్కించండి. పలమనేరు, పుంగనూరు దాటి తెల్లారేలోపల ఈడుంటాది. నేను బస్టాండులోనే కూర్చుంటాను.

…రానంటాందా? యాల?

…ఏం రైలు?

…రేపు పొద్దున. ఆ. …రామేశ్వరం పక్క కొత్తగా పడవల్లో దిగినోళ్ళను… బెంగళూరు పక్కకు తీసకపోతాండారా. …కుప్పంలో నిలబడతాదా? …ఎదురుబండి పొయ్యేంతసేపు. ఆ.

…కూతురు. తెలుసన్నా. వళ్ళి. తల్లి ఒక పడవెక్కింది, బిడ్డ ఇంకో పడవెక్కింది. నాకు పూలమ్మ చెప్పింది. ఆమె నోట ఎప్పుడూ రాలేదు ఆ పేరు.

…ఆ పాప ఈ రైల్లో ఉండాదని ఎవరు చెప్పినారు ఆమెకు? …ఎవరూ చెప్పలేదా. …ఊరికే. ఉంటే ఉంటాదని. …కిటికీ కిటికీ సూసుకుంటా పోతాదంట. …వంకాయలు లోపల కూర్చోనుండేవాళ్ళకా. అయ్యో అక్కా.

…

…ఉండాన్నా. ఇంటాండాను.

…ఆఫీసాయన్ను ముందే అడగచ్చు, ఒక దినం ఓర్చుకోమని. కానీ ఊర్లో లేడు. తిరుపతికి పోయినాడంట, రేపు నేరుగా షెడ్లకే వస్తాడు. …ఆసుపత్రిలో చేర్చినామని చెప్తే? …అవును, యాడ సూపించు అంటాడు. అవును.

…మీరేమన్నా చెప్పండి మరి.

…ఏం చెప్పాల?

…రైలు పోయిందని చెప్పాల్నా? ఆమెకు?

…సేలం మీదుగా తిప్పినారు, నిన్ననే బెంగళూరు చేరేసిందని. …మీరే చెప్పండన్నా. మీ ఊరి రైలు. …చెప్పినారా. నమ్మలేదా. …"దెబోరమ్మ చెప్తే నమ్మతాను" అనిందా.

…నాతో చెప్పీద్దండి. ఆ ఒక్కటీ నాతో చెప్పీద్దండి.

…తెలుసు. అన్ని ఇండ్లు, అంతమంది పిల్లోళ్ళు. నాకు తెలీదా? రోజూ వాళ్ళ మధ్యలో వంగి కలుపు తీసేది నేనే గదా. …ఈ మండీ ఎనక చెత్త దిబ్బను మడులు చేసేదానికి మీరెంత తిరిగినారో కూడా తెలుసు. భాయ్‌ని స్థలం అడిగేదానికి ఎన్నిసార్లు ఈ గడప ఎక్కినారో. నేను రామసముద్రం నుంచి పనికొచ్చిన దినం ఈడ గాజు పెంకులే గదా. …కాదన్నా, మరచిపోలేదు.

…ఆ పాప రైల్లో ఉండేది ఎవరికీ తెలీదు, ఈడ ఆకలయ్యేది అందరికీ తెలుసు. అంతేనా మీరు చెప్పేది? …అట్ల చెప్తే నిజమే అనిపిస్తాది.

…బస్సు ఎప్పుడు? …అంతేనా టైము.

…ఫోన్ ఇవ్వండి ఆమెకు. …ఇవ్వండన్నా, మళ్ళీ నా మనసు నిలబడదు.

…అక్కా. …అక్కా, తలకిందులుగా పట్టుకున్నట్టుండావు, తిప్పు. ఆ. ఇప్పుడు ఇనపడతాందా? దెబోరాని.

…బాగుండాను. నీ మడికి నీళ్ళు పెట్టినాను. …ఆకు మీద పొయ్యలేదక్కా, మొదల్లోనే పెట్టినాను. …పాపక్కా? తిట్టలేదు. దోవ బోడిగా ఉండాది, నాకు పనే లేకుండా పోయిందని గొణగతాంది.

…అక్కా, ఒక మాట.

…ఆ. రైలు సంగతే.

…రేపు రాదక్కా. …రాదు. పోయింది. నిన్ననే పోయిందంట. …ఈ దోవన కాదు, సేలం మీదుగా. …నాకెవరు చెప్పినారా? …ఆఫీసాయన. ఆఫీసాయనే చెప్పినాడు.

…నేను సూళ్ళేదక్కా, నేనెట్ల సూస్తాను. …బాగుండారంట. అందరూ బాగుండారంట. …పిల్లోళ్ళు కూడా. …ఆడపిల్లలా? …ఉండారంట. …పేర్లు చెప్పలేదు. …ఎడమ చెయ్యి? …కాలిన మచ్చా. …అంత దగ్గర్నుంచి ఎవరు సూసుంటారక్కా.

…ఏడవద్దు. …ఏడవలేదా. సరే.

…వస్తావా? …ఈ బస్సుకే? …ఆ.

…వంకాయలు ఇయ్యి, అన్నావాళ్ళకు ఇచ్చేసిరా. …వాడిపోతే పోనీ, కూర చేసుకుంటారు.

…ఏందక్కా? …దండమా? నాకా? …వద్దు. నేనేం చేసినాను. …నేను చెప్పకుంటే పట్టాలు సూస్తా ఇంకా కూర్చోనుంటావా. …ఈ దేశానికొచ్చినాక నీతో నిజం చెప్పింది నేనొక్కదాన్నేనా.

…

…అక్కా. అక్కా, ఉండు. బస్సెక్కద్దు. …అక్కా?

…మీరా. అన్నా, ఆమె యాడ? …బయటికి పోయిందా? పిలవండి. ఫోన్ మళ్ళీ ఆమెకు ఇవ్వండి.

…ఫోన్ వద్దంటే మీరే చెప్పండి. రైలు రేపు వస్తాది, దెబోరా అబద్ధం చెప్పింది అని చెప్పండి.

…బాగా చెప్పినానా? అట్లనద్దండి. ఆమె ఫోన్‌కు దండం పెట్టిందన్నా, మీ ఎదురుగానే పెట్టింది గదా, మీరు సూళ్ళేదా?

…తోట పోతే పోనీ అనలేదు. ఆయన కాళ్ళు పట్టుకుంటాను, పై ఆఫీసుకు పోతాను, మళ్ళీ తెచ్చుకుంటాను. తోటను అడిగేదానికి ఒక మనిషుండాడు. ఆ రైలు పోయినాక ఆమె పోయి ఎవర్ని అడగతాది?

…ఉండదు. సరే, ఆ పాప ఉండదనే అనుకోండి. కండ్లారా సూసి లేదనుకోనీ. నేను చెప్పినాననా లేదనుకునేది?

…పాపమంతా నాదేలే. మీమీద ఏం ఎయ్యను. మీరు పిలిస్తే సాలు. గేటు కాడ్నే ఉంటాది, అంత దూరం పోయుండదు.

…పిలవరా.

…నేను చిన్నదాన్నే. అవును. నాకు తెలీదు. అవును. …అన్నా, ఫోన్ పెట్టద్దండి. ఒక్క మాట. అన్నా—

…

…పెట్టేసినారు భాయ్.

…వద్దు, మళ్ళీ ట్రంకాల్ బుక్ చెయ్యద్దు. చేసినా ఎత్తరు. …భాయ్, కుప్పం నుంచొచ్చే బస్సు పుంగనూరులో ఎంతసేపు నిలబడతాది? …టీ తాగేంతసేపా. సాలు. …ఆ, పోతాను. ఆమెను దించుకోని ఎనక్కి కుప్పం స్టేషనుకే తీసకపోతాను. …పలమనేరు దాకా పోతే ఆడ్నుంచి ఏదో ఒకటి దొరకదా? …దొరకతాది.

…తెలుసు భాయ్. రేపు తెల్లారి నేనూ ఉండను, ఆమే ఉండదు. తోటకు ఎవర్నీ రానీయడు. తెలుసు. …మీరేమీ చెప్పద్దండి ఆయనకు. కుప్పం నుంచొచ్చి నేనే చెప్తాను, అందరూ ఉండారని నిన్న చెప్పింది కూడా తప్పని. …మొలకలకు మాత్రం సాయంత్రం మీ హమాలీలతో రెండు బిందెలు పోయించండి. వంగ తట్టుకుంటాది.

…బయట ఆ లారీ మీదేనా? పుంగనూరు పక్కకేనా? …బెల్లమైతేనేం భాయ్, మూటల మీద కూర్చుంటాను. ఆపమనండి, వస్తాండాను… ఈ ఫోన్ ఇట్లనే పెట్టేదా?