గాలి ఆగిన అరగంట

మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. మందస దగ్గరి సముద్రపు ఒడ్డు ఊళ్లో, తుఫాను షెల్టరు గుమ్మం పక్కన ఆమె పాత రేడియోను చెవికి ఆనించుకుని కూర్చుంది. ఆమె బావ తలుపు గడియ తీయబోయాడు.

"ఆగు బావా, ఎక్కడికి?"

"తుఫాను ఎల్లిపోనాది కదేటమ్మీ. జీడితోట సూసొత్తాను."

"ఎల్లిపోనేదు. గాలుండని దాని నడిమి కన్ను ఇప్పుడు మన మీదున్నాదట. అరగంటలో ఎదురుపక్క నుంచి మళ్లీ గాలొత్తాదని విశాఖ రేడియో సెప్తంది."

"సెల్లులే పలకట్లేదు. ఈ డొక్కు రేడియో ఎలా పలుకుతంది?"

"సెల్ టవర్లు మన దగ్గరే కూలిపోనాయి. రేడియో టవరు విశాఖలో నిలబడే ఉంది. మీడియం వేవు ఇంత దూరమూ వొత్తాది."

"అయితే తలుపేసుకుని కూకోమంటావా?"

"కాదు. వరహాలమ్మత్త పొద్దున్న ఎంత పిలిసినా రానంది. ఆవిడిల్లు ఒడ్డునే ఉంది, ఆవిడా నడవలేదు. ఇప్పుడే నలుగురు ఎల్లి మంచంతో ఎత్తుకొచ్చీండి."

బావ గడియ తీసి, లోపలున్న వాళ్లలో ముగ్గురిని కేకేసి పరుగెత్తాడు. వాళ్లు మంచాన్ని లోపల దించి గడియ వేసేసరికి, గాలి అవతలి గోడను బాదడం మొదలుపెట్టింది.

బావ రొప్పుతూ ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఇంకెంతసేపుంటాదట అమ్మీ? కాస్త గట్టిగా పెట్టు, అందరం వింటాం."